సాగనంపే మనిషి

నేను నాలుగో తరగతి మూడేళ్ళు చదివాను. నాలుగు మూళ్ళు పన్నెండు కాబట్టి, ఎంతదాకా చదువుకున్నావని ఎవరడిగినా పన్నెండు అని చెప్పేవాణ్ణి. మూడో ఏడాది ఆఖర్న మాస్టారు మా నాన్నను పిలిపించి, "వీడికి రాకపోతే పోనీండి, పక్కన కూర్చున్నవాళ్ళకి వచ్చింది కూడా పోతోంది" అన్నారు. ఆ సాయంత్రంతో బడికీ నాకూ తెగిపోయింది. పలక మా చెల్లెలికి ఇచ్చేశాను. నోరు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆ తర్వాత జీవితంలో నేను శ్రద్ధగా చదివింది ఒక్కటే ఉంది. పుస్తకం కాదు, బూడిద. గోడవార చల్లిన పొయ్యి బూడిద మీద పడ్డ అడుగులు. నేను వాటిని చదివిన తీరు వల్ల, ఇంకా కళ్ళు సరిగా తెరవని ఒక చిన్న ప్రాణం మీదికి వచ్చింది. ఆ బూడిద చల్లించిన మనిషి పోయాడని మొన్న మాడుగుల నుంచి బెల్లం దిమ్మలు తోలుకొచ్చిన బండివాడు చెప్పాడు.

"అదే బాబూ, ఇళ్ళు నేసీ ముసలాయన. పోయేడు."

"కప్పు మీంచి పడ్డాడా?"

"నేదు. మంచమ్మీదే. పడుకున్నోడు పడుకున్నట్టే."

ఆ మాట వినగానే నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, ఒక వేళాకోళం. 'ఇన్నేళ్ళూ అందర్నీ సాగనంపి, ఆఖరికి తనే చెప్పకుండా వెళ్ళిపోయాడన్నమాట' అనుకున్నాను. పైకి అనడానికి ఎదురుగా ఆయన లేడు. అప్పుడు వచ్చింది దుఃఖం.

ఆయన పని ఇళ్ళ కప్పులు నేయడం. తాటాకైతే తాటాకు, పెంకైతే పెంకు. చోడవరం చుట్టుపక్కల మామిడి తోటల్లో, జీడి తోటల్లో ఉన్న ఇళ్ళన్నిటికీ తొలకరికి ముందు ఆయన నిచ్చెన తగలాల్సిందే. తోటలో ఇల్లంటే అందులో మనుషులొక్కరే ఉండరు. దూలాలకి గబ్బిలాలు, గాదె కింద జెర్రిపోతు, దొడ్డిగోడలో ముంగిస, అటక మీద మానుపిల్లి. కప్పు విప్పేవాడికి ఇంటాయనకంటే ముందు కనిపించేది వీళ్ళే. అలా మొదటి పనిలోంచి ఆయనకి రెండో పని పుట్టింది. కప్పు నేస్తే కూలి పుచ్చుకొనేవాడు. ఈ రెండో పనికి మాత్రం ఒక పూట అన్నం, అంతే.

ఇలాంటి వాటికి మా వైపు మూడు మందులుండేవి. కర్ర, పొగ, అరటిపండులో పెట్టిన విషం. ఆయన ఈ మూడూ ముట్టడు. మందు పెట్టిన ఇంటికి మళ్ళీ కప్పు కూడా నేయడు. 'తరిమేద్దాం', 'పట్టేద్దాం' అన్న మాటలు కూడా ఆయన నోట నేను వినలేదు. "సాగనంపుదాం" అనేవాడు, చీరా సారె పెట్టి ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు.

"పసుపూ కుంకం కూడా పెడతావేటి మావా?" అన్నాను ఒకసారి.

"పెడితే నీ నోటికి పెడతాను అల్లుడా. తాళం."

మాకు చుట్టరికమేమీ లేదు. వీడు వేళాకోళం ఆడకుండా ఉండలేడని మొదటిరోజే కనిపెట్టి, ఆడడానికి వీలుండే వరస ఆయనే కలిపాడు. అప్పటినుంచి ఆయన మావ, నేను అల్లుణ్ణి.

పిలిచిన ఇంటికి వచ్చి నేరుగా లోపలికి వెళ్ళడం ఆయనకి తెలీదు. ముందు అరుగు మీద చతికిలబడేవాడు. మంచినీళ్ళు అడిగేవాడు. చెంబెడు నీళ్ళు తాగడానికి మనం ఒక చుట్ట కాల్చి పడేసేటంత సేపు పట్టేది. అప్పుడు మొదలెట్టేవాడు. అటక మీద ఏటున్నాది? ఏ చెట్టు కొమ్మ కప్పుకి తగుల్తంది? ఎన్నాళ్ళయింది? ఇంటి మగవాళ్ళు చేతులు బార్లా చాపి, ఇంత పొడుగు, అంత లావు అని చూపించేవారు. అందులో నాలుగోవంతు మాత్రం లెక్కలోకి తీసుకొనేవాడు. ఆడవాళ్ళు చెప్పింది ఉన్నదున్నట్టు నమ్మేవాడు. "ఆల్లు రోజంతా దాంతోటే ఉంతారు గదా. మగోడు ఒక్కసారి సూసి పరిగెట్టేడు. పరిగెట్టినోడికి ఏదైనా పెద్దగానే కనపడతాది" అనేవాడు.

తర్వాత గోడకి చెవి ఆనించి నిలబడేవాడు. వియ్యపురాలి మాటలు దొంగతనంగా వింటున్న మనిషిలా, కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరుచుకుని. ఆ సమయంలో ఎవరైనా దగ్గితే వాళ్ళకేసి చూసే చూపు చాలు, దగ్గు నయమైపోయేది.

మూట కట్టి ఎక్కడో దూరంగా వదిలేయడం ఆయనకి నచ్చదు. పెద్దేరు అవతల వదిలేసి రా, నీకు ధోవతి కొనిపెడతాను అని ఒక ఆసామి అన్నాడు. "పెద్దేరు అవతల ఏ చెట్టు ఎవరిదో, నీళ్ళెక్కడున్నాయో దానికేటి తెల్సు బాబూ? సూసేరా ఈణ్ణి" అని నన్ను చూపించాడు. "ఈణ్ణి తీసుకెల్లి ఒడ్రదేశంలో ఒగ్గేయండి. ఇంత నోరుండి కూడా ఆకలికి సచ్చిపోతాడు."

అన్నిటికంటే గట్టిది ఆయన మాట ఒకటుంది. "మరి?" అంతే. దాని ముందూ వెనకా ఏమీ ఉండదు. కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒక గుమాస్తా, ఈ గబ్బిలాలు మా ఇంట్లోకి ఎందుకు రావాలి, మేమేం పాపం చేశాం అని మొత్తుకుంటే, "ఇల్లు కట్టకముందు ఇక్కడ ఏటుండేది బాబూ?" అని అడిగాడు. ఇప్పచెట్లు ఉండేవి, కొట్టించాం అన్నాడు గుమాస్తా. "మరి?" అన్నాడు ఈయన. ఆ గుమాస్తా తనే లేచి వెళ్ళి ఆయనకి నిచ్చెన పట్టుకున్నాడు. ఆఫీసులో ఎవరి మాటకీ కుర్చీలోంచి లేవని మనిషి.

ఒకసారి బెల్లం వండే పాకలో పాము దూరింది. చెరుకు గానుగ ఆడుతోంది, పెనంలో పాకం పొంగుతోంది, ఖాళీ కుండల వెనక అది చుట్ట చుట్టుకుని ఉంది. కర్రలు పట్టుకుని పదిమంది. నల్లతాచు, పడగ చేటంత ఉందని ఒకడు. ఆయన తొంగిచూసి, "జెర్రిపోతు. ఎలకల కోసం వచ్చింది. కర్రలు కింద ఎట్టండి" అన్నాడు. ఎవరూ పెట్టలేదు. అందరికంటే ముందు ఊగిపోతున్నవాడు ఒక వస్తాదులాంటి మనిషి, దుంగంత కర్ర పట్టుకుని ఉన్నాడు. ఆయన వాడి దగ్గరకి వెళ్ళి భుజం మీద చెయ్యేశాడు.

"ఒరే బాబూ, నీ సేతికి బలముంది. ఇది నీవల్లే అవుద్ది. ఈ సేట పట్టుకెల్లి ఆ తూము కాడ కూకో. అటొచ్చిందంటే నువ్వు తప్ప ఇంకెవుడూ ఆపలేడు."

వాడు కర్ర పడేసి, చేట రెండు చేతులా పట్టుకుని, తూముకి అడ్డంగా గొంతుకూర్చున్నాడు. మరొకణ్ణి పాకం మాడిపోతోందని కలపమన్నాడు. నన్ను చూసి, "నువ్వు ఒకటి కాణ్ణించి వెయ్యి దాకా లెక్కెట్టు. మనసులో. పూర్తయ్యేక సెప్పు" అన్నాడు. నూటపదహారు దగ్గర నాకు దారి తప్పింది. మళ్ళీ మొదలెట్టాను. నేను రెండోసారి నూటపదహారుకి వచ్చేసరికి ఆయన అవతలి పక్క తడిక ఎత్తి, కుండల మీద దోసెడు నీళ్ళు చిలకరించి, తనూ కూర్చున్నాడు. కాసేపటికి పాము తీరుబడిగా ఆ తడిక కిందనుంచి చెరుకు తోటలోకి వెళ్ళిపోయింది.

దారిలో అడిగాను. "మావా, తడిక అటుంటే తూము ఇటుంది కదా. పాము తూముకేసి ఎందుకెల్తాది?"

"ఎల్లదు."

"మరి ఆ వస్తాదునెందుకు కూకోబెట్టేవు?"

"సేట పట్టుకోడానికి మనిషుండాల గదా" అన్నాడు.

ముసలాడికి దిక్కులు తప్పుతున్నాయి, పైకి ఒప్పుకోడం లేదనుకున్నాను. ఈ కథ చాలామందికి చెప్పి నవ్వించాను కూడా.

ఇక నా సంగతి. మొదటిసారి ఓట్లు వేశామే, ఆ మరుసటి వేసవి. చోడవరానికి కొద్ది దూరంలో ఒక మామిడితోట కాపు గుత్తకి తీసుకుని, ఆ తోటలోనే ఆసామిగారి పెంకుటింట్లో నేనూ మా ఆవిడా ఉంటున్నాం. ఆసామి అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. ఏటా ఎండల్లో తల్లిని వెంటబెట్టుకుని వచ్చి నెల్లాళ్ళు ఆ ఇంట్లో ఉంటాడు.

ముందు కనిపెట్టింది మా ఆవిడ. ఒక సాయంత్రం ముక్కు ఎగబీల్చి, "అటకమీద ఎవరో కొత్తబియ్యం అన్నం వండుతన్నారు" అంది.

"పోన్లే, ఈ ఇంట్లో ఎవరికో ఒకరికి వంటొచ్చు" అన్నాను. ఆ పూట నాకు చద్దన్నమే దిక్కయింది.

అది మానుపిల్లి వాసన. చెట్టెక్కే జంతువు, మొహానికి నల్ల ముసుగు వేసుకున్నట్టుంటుంది, తోక ఒంటికంటే పొడుగు. పొద్దుగూకగానే గోడకంతలోంచి బయటికి, తెల్లవారకుండా లోపలికి. ఈ సంగతి ఆసామి చెవిన ఎవరేశారో గాని, బస్సు కండక్టరు చేత కబురొచ్చింది: 'పున్నమికి వస్తున్నాం. మా అమ్మకి ఆ వాసన పడదు. ఆలోగా దాన్ని వదిలించు. లేకపోతే నేనే మందు పెట్టిస్తాను. ఇల్లు చూసుకోలేనివాడికి తోటెందుకు, వచ్చే ఏడు కాపు ఇంకొకరికి ఇస్తాను.'

పున్నమి ఇంకా పది రోజులుంది. ఆ తోట పోతే నాకు మరో ఆధారం లేదు. ఎగతాళికి ఎవరూ కూలి ఇవ్వరు కదా. మావ దగ్గరకి పరిగెత్తాను.

వచ్చాడు. అరుగు, నీళ్ళు, ప్రశ్నలు. అటకెక్కి దిగాడు. గడ్డిలో మాగేసిన అరటిగెలలు రెండు, బెల్లం కుండ ఒకటి మా చేత కిందికి దింపించాడు. "పెళ్ళోరికి విడిదిల్లు ఏర్పాటు సేసినట్టు సేసేవు గదా అల్లుడా. అదొచ్చిందని ఏడుస్తన్నావు, రాకపోతే దానికి మర్యాద తెల్దనుకోవాల." గోడకి చెవి ఆనించాడు. ఈసారి చాలాసేపు విన్నాడు. కళ్ళు తెరిచి, గొంతు తగ్గించి, "గుంటలున్నారు" అన్నాడు, మా ఇంటికి చంటిపిల్లలతో చుట్టాలొచ్చినట్టు.

"ఎందరు?"

"తెల్దు. ఒకటికంటే ఎక్కువే."

ఆయన చేసింది ఇంతే. గూడు మీదుగా రెండు పెంకులు ఎత్తి, పగలు లోపల వెలుతురు పడేటట్టు పెట్టాడు. వెలుతురు దానికి గిట్టదు, పిల్లల్ని అదే నోట కరుచుకుని మరో చోటికి మార్చుకుంటుంది, దానికి ఈ తోటలో ఇంకో రెండిళ్ళు ఉండనే ఉంటాయి, మనం చెయ్యి పెట్టక్కర్లేదు అన్నాడు. తర్వాత నాకు రెండు పనులు చెప్పాడు. కప్పు మీదికి వాలిన మామిడి కొమ్మ కొట్టేయడం ఒకటి. గోడకంత కింద నేల మీద బూడిద చల్లి, రోజూ సాయంత్రం చదును చేసి, పొద్దున్నే అడుగులు చూడడం రెండోది.

"అడుగు పడని పొద్దులు తొమ్మిది లెక్కెట్టు. అప్పుడు నాకు కబురెట్టు. కంత నేనొచ్చి మూస్తాను. నువ్వు ముయ్యకు."

"మావా, పున్నమి పది రోజులే ఉంది. ఇయ్యాల్టినుంచే అడుగులు పడకపోతే తప్ప సాలదు."

"మరి?"

"ఆసామి మందెట్టిస్తానంటన్నాడు."

"ఆసామితో నేను మాటాడతాను. నువ్వు బూడిద సూడు."

చూశాను. అంత శ్రద్ధగా అక్షరాలు చూసి ఉంటే ఈపాటికి తాసీల్దారునయ్యేవాణ్ణి. పొద్దున్నే చుట్ట వెలిగించి గోడ దగ్గర గొంతుకూర్చునేవాణ్ణి. ఇదిగో ముందుకాలు, ఇదిగో వెనక్కాలు, ఇక్కడ ఆగింది, ఇక్కడ తిరిగింది. దారినపోయే వాళ్ళని పిలిచి అర్థాలు చెప్పేవాణ్ణి. మా ఆవిడ గుమ్మంలోంచి, "పేపరు వచ్చిందేటి? లోకంలో ఏటి జరుగుతంది?" అనేది. కొమ్మ మాత్రం కొట్టలేదు. దాని చివర సువర్ణరేఖ గుత్తి ఒకటి పసుపు తిరగబోతోంది. దింపుకున్నాక కొడదాంలే అనుకున్నాను.

ఎనిమిదో పొద్దున బూడిద మీద రెండు వరసల అడుగులున్నాయి. రెండూ బయటికే. లోపలికి ఒక్కటి కూడా లేదు. మా ఆవిణ్ణి కేకేశాను.

"ఇటు సూడు. సకుటుంబంగా కాళీ సేసేరు."

ఆవిడ వంగి చూసింది. "రెండుసార్లు బయటికెల్తే, మధ్యలో ఒకసారి లోపలికి రావాల గదా?"

"ఒకటే రెండుసార్లు ఎల్లిందని ఎవరన్నారు? ఇద్దరు. మొగుడూ పెళ్ళాం. సెరో గుంటనీ ఎత్తుకున్నారు."

"మీ మావ తొమ్మిదన్నాడు."

"ఆయనకి సదువు రాదే."

నేను నిచ్చెనెక్కి పెంకులు రెండూ సర్దేశాను. కంతలో ఇటుకముక్కలు దూర్చి, మట్టి మెత్తి, పైన నున్నగా అలికాను. ఎంత బాగా అలికానంటే ఇద్దరు ముగ్గుర్ని పిలిచి చూపించాను.

ఆ రాత్రి కప్పు మీద పెంకులు విరుగుతూనే ఉన్నాయి. కోతులేమో అన్నాను. కోతులు కావని ఇద్దరికీ తెలుసు. తెల్లారి చూస్తే అలికిన మట్టి నిండా గోళ్ళ గీతలు. ఒకచోట నెత్తురు చెమ్మ. అటక మీంచి సన్నగా, తడిసిన తలుపు కిర్రుమన్నట్టు ఒక ఏడుపు. మా ఆవిడ నాకేసి చూసింది. చూపుకి జవాబు చెప్పే విద్య నాకు ఏ తరగతిలోనూ నేర్పలేదు.

కబురు పెడితే మావ వచ్చాడు. ఈసారి నీళ్ళడగలేదు. కొమ్మకేసి చూశాడు, మట్టికేసి చూశాడు.

"గుంట నోట్లో ఉంటే అది కప్పు మీంచి కొమ్మకి గెంతదు. గోడమ్మట దిగుతాది. ఒట్టి నోటితో తిరిగొచ్చినప్పుడు కొమ్మ మీంచి వస్తాది. రెండిట్ని సేరేసింది. మూడోదాన్ని తీసుకెల్లీలోగా తెల్లారిపోయింది."

కప్పెక్కి పెంకులు తీసి, గూటి గడ్డితో సహా దాన్ని తలపాగాలో చుట్టి తెచ్చాడు. పిడికెడుంది. ఒక కన్ను తెరిచింది, రెండోది ఇంకా తెరవలేదు. మా ఆవిడ పాలు తేబోయింది. "ముందు ఎచ్చదనం కావాల తల్లీ, పాలు తరవాత" అని ఒళ్ళో పొట్టకి ఆనించుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఎండెక్కేదాకా కదల్లేదు. ఆ తర్వాత దూదివత్తితో మేకపాలు చుక్కచుక్క పట్టాడు. రెండు చుక్కలు దిగితే ఒకటి బయటికొచ్చేది.

పొద్దువాలే వేళకి దాన్ని గూటి గడ్డితో బుట్టలో పెట్టి, నేను కొట్టని ఆ కొమ్మ పంగలో కట్టించాడు. "కొట్టలేదు, మంచిదే అయింది" అన్నాను, ఊరుకోలేక. ఆయన బుట్ట ముడి ఇంకోసారి లాగి చూశాడు.

సరిగ్గా అప్పుడు జట్కా వచ్చి ఆగింది. పున్నమికి వస్తానన్న ఆసామి చతుర్దశి నాడే దిగాడు, తల్లితో. విరిగిన పెంకులు చూశాడు, బుట్ట చూశాడు.

"ఏటిదంతా? ఇంకా వదల్లేదా?"

"తల్లెల్లిపోయింది బాబూ" అన్నాడు మావ. "గుంటొకటి మిగిలింది. సీకటి పడీసరికి వచ్చి తీసుకెల్తాది."

"రాకపోతే? వచ్చినా, రోజూ ఇలా నా పెంకులు విరగ్గొట్టడానికేగా? దాన్ని కాలవలో పారేసి, ఆ తల్లికి మందు పెట్టించు."

ఇక పిల్లా పోతుంది, తల్లీ పోతుంది, తోటా పోతుంది. మావ మాత్రం వంటింట్లోకి వెళ్ళి బూడిద తట్ట తెచ్చి, వంగి ఆసామి ముందు పెట్టాడు.

"తవరి తోట, తవరి మాట. కానీ రేపు తల్లి తీసుకెల్లిపోయిందని మేమంటే తవరు నమ్మాల గదా. ఈ బూడిద తవరి సేత్తో సెట్టు సుట్టూ సల్లండి. పొద్దున్న అడుగుంటే పీడ ఇరగడైనట్టు. నేకపోతే తవరు సెప్పినట్టే."

ఆసామి అటూ ఇటూ చూశాడు. ఏమనుకున్నాడో, పంచె ఎగగట్టి బూడిద చల్లడం మొదలెట్టాడు. జట్కావాడు సాయానికి రాబోతే కసిరాడు. వాళ్ళమ్మ మంచం వేయించుకుని కూర్చుని, "ఒరే, అటేపు పల్చగా పడింది. వేరు మీద కూడా చల్లు" అంటోంది. వాసన పడని మనిషి ముక్కు మీద కొంగు తీసేసింది.

"నీ పనొకటుంది అల్లుడా" అన్నాడు మావ. "మాటాడకు."

ఇన్నేళ్ళలో నేను చేసిన కష్టమైన పని అదే. అరుగు మీద నలుగురం, పక్కన మా ఆవిడ. ఆకాశంలో ఇంకా వెలుతురుంది. బుట్టలోంచి ఆ తడితలుపు ఏడుపు రెండుసార్లు వచ్చి ఆగిపోయింది. ఎన్ని మాటలు నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళాయో. ఒక్కొక్కటి మింగుతుంటే వాటి రుచి తెలిసింది. సగానికి సగం చేదు. వాటిని ఇన్నాళ్ళూ ఎదుటివాళ్ళు మింగారన్నమాట.

అది కొమ్మ మీద ఎప్పుడు వచ్చిందో ఎవరం చూడలేదు. వచ్చి ఉంది. ముసుగు మొహం మా వైపు తిప్పింది. ఒక ముందుకాలు కొమ్మకి ఆనీ ఆననట్టు, నొప్పిగా ఎత్తి పెట్టుకుంది. బుట్ట దాకా వచ్చి వాసన చూసింది. వెనక్కి వెళ్ళిపోయింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. చాలాసేపటికి మళ్ళీ వచ్చింది. మెడ దగ్గర కరుచుకుని ఎత్తింది. పిల్ల పిండిన గుడ్డలా వేలాడింది, చప్పుడు లేదు. తల్లి కిందికి దిగలేదు. ఆ కొమ్మ మీంచే నడిచి, కొమ్మలు కలిసిన పక్క చెట్టులోకి, దాని పక్క చెట్టులోకి వెళ్ళిపోయింది.

"అమ్మయ్య" అంది ఆసామి తల్లి.

"బతుకుతాదా మావా?" అన్నాను. మాటాడకు అన్నాక నా నోట వచ్చిన మొదటి మాట.

"మోసుకెల్లింది గదా."

"బతుకుతాదా అంటన్నాను."

"నిన్న పొద్దున్న అడగాల్సిన మాట ఇది" అన్నాడు. కాళ్ళు కడుక్కుని, మా ఆవిడ పెట్టిన అన్నం తిని, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మూడోనాడు వచ్చి పెంకులు మార్చి, గోడకి చెవి ఆనించి, కంత తనే మూశాడు.

ఆ రాత్రి తెల్లారగానే ఆసామి చెట్టు చుట్టూ వంగి తిరుగుతున్నాడు. "అడుగుల్లేవేటి? ఒక్కటీ లేదే!" వాళ్ళమ్మ మంచం మీంచి, "కళ్ళెదట పట్టుకుపోతే చూశావు కదరా, ఇంకా బూడిదేం చూస్తావు?" అంది. అయినా ఆయన మరో రెండు పొద్దులు చూశాడు. మందు మాట మళ్ళీ ఎత్తలేదు. తోట నాకే ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ పిల్ల ఉందో లేదో నాకు తెలీదు. ఏటా కాపు దిగేటప్పుడు చెట్టు కింద మానుపిల్లి చీకిన టెంకలు కనిపిస్తాయి. ఆ మూడోదే అనుకుంటాను, నా సౌకర్యం కోసం.

మొన్న బండివాడు కబురు చెప్పాక, పదో రోజు దాటనిచ్చి వాళ్ళింటికి వెళ్ళాను. అత్త అరుగు మీద కూర్చుని తాటాకు చీలుస్తోంది. చూరు కింద ఒకచోట ఆకు కావాలని ఎత్తిపెట్టి ఉంది. ఉడతొకటి అందులోంచి మొహం పెట్టి నన్ను చూసి లోపలికి పోయింది. అత్త మంచినీళ్ళిచ్చింది. పరామర్శకి వెళ్ళినవాడు ఊరికే కూర్చోవాలి. నాకది చేతకాదని అందరికీ తెలుసు.

"మావ ఇద్యంతా నేను సూసిందే అత్తా" అన్నాను. "పెంకెత్తడం, కొమ్మ కొట్టడం, గోడకి సెవెట్టడం. ఇంకెవరికైనా కావాలంటే నేనెల్లి సేసేయగల్ను. అన్నిట్లోకీ గొప్పది ఆ బూడిద. జంతువు దాని గుట్టు అదే రాసిచ్చి పోతాది. ఏం కిటుకు కనిపెట్టేడో మహానుభావుడు!"

అత్త చీలుస్తున్న ఆకు ఆపింది. ఈ పది రోజుల్లో మొదటిసారి గావాలి, నవ్వింది.

"బూడిద జంతువు కోసమనుకున్నావేటి అల్లుడా? అది ఎల్లిందీ నేందీ ఆయన సెవెడితే తెల్సిపోద్ది. బూడిద మీ ఇంటోళ్ళ కోసం. తొమ్మిది పొద్దులు సేతులు కట్టుకు కూకోండంటే ఎవుడు కూకుంతాడు? సదువబ్బని గుంటడికి పలకిచ్చి మూల కూకోబెట్టినట్టు, మీ సేతికది ఇచ్చేవోడు."

మళ్ళీ ఆకు చీల్చడం మొదలెట్టి అంది:

"అందరూ కూకున్నారు. నువ్వొక్కడివే సదివేసేవు."